ఏథెన్స్‌లో హాయి, కాసెల్‌లో దుప్పటికి కూడా డబ్బులే

దుప్పటి, తువ్వాలుకి మనిషికి 12 యూరోలు! జర్మనీలోని కాసెల్‌లో మేం దిగిన లాడ్జి గురించి చెప్పకపోతే నా కడుపుమంట చల్లారదు.

గుంటూరు నుంచి అమ్మ ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న నా దగ్గరికి వచ్చింది. ఐదేళ్లకోసారి కాసెల్‌లో జరిగే డాక్యుమెంటా కళా ప్రదర్శన 2017లో ఏథెన్స్‌లో కూడా పెట్టారు. జూన్‌లో ముందు ఏథెన్స్ వెళ్లాం. ఎయిర్‌పోర్టు నుంచి మెట్రోకి మనిషికి 10 యూరోలు. మూడు రోజులు ఇట్టే గడిచిపోయాయి. ఫిలోపాపు కొండ మీద రెబెక్కా బెల్మోర్ పెట్టిన పాలరాతి గుడారంలో కూర్చుంటే ఎదురుగా అక్రోపొలిసే.

ఆగస్టులో కాసెల్. ఒక్క రాత్రికి 140 యూరోలు ముందే కట్టాను. తీరా వెళ్తే గది నాలుగో అంతస్తులో, లిఫ్టు లేదు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్టుమెట్టుకీ ఆగుతూ ఎక్కింది. తాళం చేతికిచ్చే ముందు దుప్పట్లకి 24, గది శుభ్రం చేయడానికి 30 అడిగారు. బుకింగ్ పేజీలో అడుగున రాశామన్నారు. మొత్తం 194 యూరోలు, టిఫిన్ కూడా లేకుండా! అమ్మ ఆ రాత్రి నాతో సరిగ్గా మాట్లాడలేదు.

పొద్దున టికెట్లు, మనిషికి 22. ఏథెన్స్ సమకాలీన కళా మ్యూజియం సేకరణను ఇక్కడి ఫ్రిడెరిసియానుం మ్యూజియం నిండా పెట్టారు. దాని ముందే, నాజీలు 1933లో పుస్తకాలు తగలబెట్టిన మైదానంలో, నిషేధానికి గురైన పుస్తకాలతో మార్తా మినుహిన్ కట్టిన పార్థెనాన్, ఏథెన్స్‌లోని ఆ పాత గుడి ఆకారంలో. నాకు ఒళ్లు జలదరించింది. అమ్మ మాత్రం బెంచీ వెతుక్కుంది.

ఆమెను లేపింది టోర్‌వాఖె. ఆ పాత కట్టడానికి ఘనా కళాకారుడు ఇబ్రహీం మహామా నిలువెల్లా గోనెలు కప్పాడు. కోకో గింజలు, ఆ తర్వాత బొగ్గులు మోసిన గోనెలవి. ఏప్రిల్‌లో ఏథెన్స్ సింటగ్మా కూడలిలో కూడా జనం కూర్చుని ఇలాంటివే కుట్టారు. అమ్మ దగ్గరికెళ్లి ఒక అతుకు మీద వేలు పెట్టింది. నల్లబడిన గోనె, మాసికల మీద మాసికలు.

"దబ్బనంతో కుట్టార్రా ఇది. మీ తాతయ్య మిర్చి యార్డులో టిక్కీ మూతి ఇట్లాగే కుట్టేవాడు."

టిక్కీ అంటే మిర్చి బస్తా. తాతయ్య యార్డులో ముఠా పని, అంటే హమాలీ పని చేసేవాడు. ఆయన గురించి నాకు తెలియని సంగతులు ఆ గోడ పక్కనే గంటసేపు చెప్పింది. బయట ఉన్నదే కాబట్టి దీనికి టికెట్ కూడా అక్కర్లేకపోయింది.

ఆ ఏడాది ప్రదర్శన సెప్టెంబరు 17తో ముగిసింది. మళ్లీ డాక్యుమెంటా పెట్టినప్పుడు తప్పకుండా వెళ్లండి. కాసెల్‌లో మాత్రం దిగొద్దు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రైల్లో గంటన్నరే, పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయొచ్చు.