లె ఫవెట్: సంత రోజు చూసుకుని వెళ్తే ఐదుకు నాలుగు

ఫ్రాన్స్‌లో బ్రిటనీ ప్రాంతం అనగానే అందరూ సముద్రం వైపే పరిగెడతారు. లోపల మోర్బియాఁ జిల్లాలో ఉన్న ఈ లె ఫవెట్ అనే చిన్న ఊరి గురించి మనవాళ్ళు రాయగా నేను చూడలేదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. రైలు లేదు, దగ్గరి స్టేషన్ కెంపెర్లే, అక్కడి నుంచి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. కాబట్టి కారు ఉంటేనే హాయి.

ముందు సంత సంగతి. ఊరి నడిబొడ్డున 16వ శతాబ్దంలో కట్టిన సంత కొట్టం ఉంది. గ్రానైట్ స్తంభాలు, లోపల ఓక్ దూలాల అల్లిక, పైన నల్ల పలకల కప్పు, నడిమధ్యన గంట ఉన్న చిన్న బురుజు. కప్పు ఎంత కిందికి వాలి ఉంటుందంటే బయటి నుంచి చూస్తే గోడల కన్నా కప్పే ఎక్కువ కనిపిస్తుంది. అద్దాల పెట్టెలో పెట్టి కాపాడే రకం కాదు, ఇప్పటికీ దాని కింద సరుకు అమ్ముతారు, అదే నాకు బాగా నచ్చింది. సంత బుధవారం ఉంటుంది గానీ ఏ బుధవారమో ముందే కనుక్కుని వెళ్ళండి, మామూలు రోజున ఊరంతా నిద్రపోతున్నట్టే ఉంటుంది. మధ్యాహ్నానికల్లా సర్దేస్తారు, పొద్దున్నే చేరాలి.

ఊరి బయట రెండు కిలోమీటర్లలో సెయింట్ ఫియాక్ర్ చాపెల్, అంటే చిన్న చర్చి. సమయం తక్కువుంటే మిగతావన్నీ వదిలేసి ఇది చూడండి. లోపల జనం నిలబడే చోటుకీ ఫాదర్ పూజ చేసే చోటుకీ అడ్డంగా ఒక చెక్క తెర ఉంది, ఒలివియే ల లోయెర్గాన్ అనే శిల్పి 1480లో చెక్కింది, రంగులతో సహా నిలిచి ఉంది. ముందు వైపు ఆదాము అవ్వ, సిలువ లాంటివి, బుద్ధిగా ఉంటాయి. వెనక్కి వెళ్ళి చూడండి, అసలు మజా అక్కడ! తాగినవాడు నోట్లోంచి ఏకంగా నక్కనే కక్కుతుంటాడు, ఒకడు చెట్టెక్కి ఆపిల్ పళ్ళు దొంగిలిస్తుంటాడు, సోమరితనానికి గుర్తుగా వాయిద్యం ఊదుకుంటూ కూర్చున్నవాడు (పాపం, వాయించడం పని కాదా?). సన్యాసి వేషం వేసిన నక్క కోళ్ళకు నీతులు చెప్పే కథ కూడా ఉంది. చర్చిలోనే, ఫాదర్ కళ్ళ ముందే ఇంత వెటకారం చెక్కనిచ్చారంటే ఆ కాలం వాళ్ళను మెచ్చుకోవాల్సిందే. మెడ నొప్పి పుట్టేదాకా చూశాను.

సెయింట్ బార్బ్ అనే మరో చాపెల్ ఇంకో దిక్కున, ఎల్లే నది లోయ పైన కొండ చరియకు అతుక్కుని ఉంటుంది. 1489లో తుఫానులో చిక్కుకున్న ఒక దొర బతికి బయటపడితే గుడి కడతానని మొక్కుకున్నాడని కథ. జాగా ఇరుకు కాబట్టి చాపెల్ పొట్టిగా, విచిత్రంగా ఉంటుంది. దాని దగ్గరికి దిగే పెద్ద రాతి మెట్లే చాపెల్ కన్నా దర్జాగా ఉన్నాయి. పైన ఉన్న గంటను ఎవరైనా మోగించవచ్చు, పిల్లలుంటే ఇక వాళ్ళను అక్కడి నుంచి కదపలేరు. వాన పడితే మెట్లు జారతాయి, మంచి బూట్లు వేసుకోండి.

మ్యూజియం పాత ఉర్సులిన్ సన్యాసినుల మఠంలో ఉంది. 19వ శతాబ్దం నుంచీ ఇక్కడికి చిత్రకారులు వరస కట్టారు, ఆన్రీ బార్నువాఁ లాంటి వాళ్ళు ఈ సంతనే గీశారు. ఏడాది పొడవునా తెరిచి ఉండదు, వేళలు చూసుకోండి.

ఊరివాళ్ళ నోట ఎక్కువగా వినిపించే పేరు మాత్రం ఏ సెయింటుదీ కాదు, మారియోఁ దు ఫవెట్ అనే దోపిడీ ముఠా నాయకురాలిది. 1755లో కెంపెర్ అనే పట్టణంలో (స్టేషన్ ఉన్న కెంపెర్లే కాదు) ఆమెను ఉరి తీశారు.

ఒక్క మార్కు ఎందుకు కోశానంటే, భోజనం. ఒక హోటల్లో బక్‌వీట్ గాలెట్ (పల్చటి దోసె లాంటిది), గిన్నెలో పోసిచ్చే సైడర్ (ఆపిల్ మద్యం), రెండూ బ్రహ్మాండం, కానీ ఆర్డర్ తీసుకోవడానికే యుగం పట్టింది, బిల్లు అడిగితే మరో యుగం. రెండు దాటితే చాలాచోట్ల వంటగది మూసేస్తారు, కాబట్టి సెయింట్ ఫియాక్ర్ పొద్దున పెట్టుకోకండి: సంత, తిండి, ఆ తర్వాతే చాపెళ్ళు.