పోసిన అంకె, గుద్దిన అంకె: ఫోర్ట్ వర్త్ దగ్గరి పాత ఇంజన్ల యార్డు సమీక్ష

టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్ పడమటి శివార్లలో ఒక తండ్రీ కొడుకులు నడుపుతున్న పాత ఇంజన్ల యార్డు ఉంది. అక్కడ అమ్మకానికి పెట్టిన ప్రతి షెవ్రొలే ఇంజనుకూ ఒక అట్టముక్క కట్టి ఉంటుంది. దాని మీద ధరతో పాటు బ్లాకు (సిలిండర్లు ఉండే ఇంజను ప్రధాన ఇనుప దిమ్మ) క్యాస్టింగ్ నంబరు, అంటే పోతలోనే ఉబ్బెత్తుగా వచ్చే అంకె, పోత పోసిన తేదీ, ముందు వైపు గుద్దిన ముద్ర, సిలిండర్లకు పైమూతల్లా ఉండే రెండు సిలిండర్ హెడ్ల నంబర్లు, బోరు (సిలిండరు లోపలి వ్యాసం) కొలత వరసగా రాసి పెడతారు. చూడని వివరం దగ్గర "చూడలేదు" అని రాస్తారు. పాత ఇంజన్ల వ్యాపారంలో ఈ ఒక్క మాటను కాగితం మీద పెట్టిన దుకాణాన్ని నేను ఇంతకు ముందు చూడలేదు కాబట్టి, కొన్ని ఫిర్యాదులు ఉన్నప్పటికీ, ఈ సమీక్ష రాస్తున్నాను.

నా దగ్గర 1972 నాటి షెవ్రొలే సీ-10 పికప్ ఉంది. అందులో ఫ్యాక్టరీ అమర్చిన 307 ఘనపు అంగుళాల వీ-8 ఇంజను చాలాకాలంగా నూనె తాగుతోంది. దాని స్థానంలో 350 పెట్టాలనుకున్నాను. ఈ మాట చెప్పినంత సులువు కాదు. 1955 మోడలు కార్లలో 265 ఘనపు అంగుళాలతో మొదలైన "స్మాల్ బ్లాకు" అనే షెవ్రొలే వీ-8 ఇంజన్ల కుటుంబం ఆ తరవాత 283, 327, 302, 307, 350, 400, 305 అంటూ అనేక పరిమాణాల్లో వచ్చింది గాని, పైరూపం దాదాపు మారలేదు. రంగు వేసి, మూతలు మార్చి పక్కపక్కన నిలబెడితే 305కూ 350కూ తేడా చెప్పడం చేయి తిరిగిన మెకానిక్కుకు కూడా కష్టమే. లోపలి తేడా మాత్రం పెద్దది: 350 బోరు 4.000 అంగుళాలు, 305 బోరు 3.736 అంగుళాలు. స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) రెండింటికీ ఒకటే, 3.48 అంగుళాలు.

స్ట్రోక్ ఒకటే కావడం వల్లనే రెండేళ్ల కిందట నేను మోసపోయాను. ఒక పాత సామాన్ల సంతలో ఒకాయన అడుగున నూనె నిలిచే ఆయిల్ పాన్ ఊడదీసిన ఇంజను చూపించి, పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ స్ట్రోక్ కొలిచి, ఇది 350దేనని నమ్మబలికాడు. కొలత అబద్ధం కాదు. అది 305కు కూడా సరిపోయే కొలత అన్న సంగతే నాకు తెలియదు. బ్లాకు వెనకనున్న నంబరు 14010207 అన్నాడు, నేనూ అలాగే చదివాను. 14010207 అంటే 1980ల మొదటి సగంలో పోసిన 350 బ్లాకు. ఇంటికి తెచ్చి రంగు గీకి చూస్తే చివరి అంకె 7 కాదు, 1. 14010201 అంటే 305. నారింజ రంగు మందంగా పట్టిన చోట ఒకటికి కొమ్ము మొలిచి ఏడు అయింది. ఆ ఒక్క అంకె ఖరీదు నాకు 700 డాలర్లు.

ఈ యార్డులో నన్ను మొదట ఆకట్టుకున్నది వాళ్లు ఆ అంకెలను చదివే పద్ధతి. బ్లాకు పోత నంబరు గేర్ బాక్సు బిగించే వెనుక అంచు మీద, డ్రైవరు వైపు సిలిండర్ హెడ్ వెనకాల ఉంటుంది. (అమెరికాలో డ్రైవరు ఎడమ పక్కన కూర్చుంటాడన్నది మన ఊళ్ల నుంచి చదివేవారు గుర్తుంచుకోవాలి.) అక్కడ యాభై ఏళ్ల నూనె, మట్టి, రంగు కలిసి గట్టిపడి ఉంటాయి. కొడుకు వైర్ బ్రష్షుతో రుద్ది, బ్రేక్ క్లీనరు చల్లి, గుడ్డతో తుడిచి, ఆరాక సుద్దముక్కను పడుకోబెట్టి రుద్దుతాడు. పోతలో ఉబ్బి వచ్చిన అంకెలకు మాత్రమే సుద్ద అంటుకుని, నల్లటి ఇనుము మీద తెల్లగా తేలతాయి. విజయవాడ ఆటోనగర్‌లో బండి పేరు మార్పిడి కోసం ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ప్రింటు తీసే మనిషి నాకు అప్పుడు గుర్తుకు వచ్చాడు. పని అదే, అక్కడ గుంటలను చదువుతారు, ఇక్కడ గుబ్బలను చదువుతారు. సుద్ద రుద్దాక ఫోటో తీసి, దాన్ని అచ్చు వేసి అట్టముక్కకు జత చేస్తారు. ఒకటా ఏడా అన్న అనుమానం ఉంటే కొనేవాడే ఫోటో చూసి తేల్చుకోవచ్చు.

నేను ఎంచుకున్న ఇంజను నంబరు 3970010. స్మాల్ బ్లాకులలో ఇంతగా వినిపించే నంబరు మరొకటి ఉండదేమో. 1969 నుంచి 1970ల చివరి దాకా 350 ఇంజన్ల కోసం దీన్ని పోశారు. నా పికప్పులోని 307 నంబరు 3970020. ఇక్కడ కూడా ఒక్క అంకె తేడాయే ఉంది. ఈ 3970010ని చూడగానే "ఫోర్ బోల్ట్" అనడం అమ్మేవాళ్లకు అలవాటు. క్రాంక్ షాఫ్టును పట్టి ఉంచే మెయిన్ క్యాపుల్లో మధ్యవాటిని ఒక్కోదాన్ని నాలుగు బోల్టులతో బిగించిన బ్లాకు గట్టిదని పేరు, ధర కూడా ఎక్కువ. అయితే ఇదే నంబరుతో రెండు బోల్టుల బ్లాకులు కూడా వచ్చాయి. పోత ఒకటే, బోల్టు రంధ్రాలు ఎన్ని వేయాలన్నది ఆ తరవాత ఫ్యాక్టరీలో జరిగిన పని. కాబట్టి ఆయిల్ పాన్ విప్పి కళ్లతో చూడకుండా ఈ విషయం చెప్పడం ఎవరి వల్లా కాదు. నా అట్టముక్క మీద "మెయిన్ క్యాపులు: చూడలేదు" అని ఉంది. చూడాలంటే 60 డాలర్లు అదనంగా ఇవ్వాలన్నారు. ఇచ్చాను, పాన్ దించారు, రెండు బోల్టులే ఉన్నాయి. సరుకులు మోసే పికప్పుకు అది సరిపోతుంది కనుక నాకు నిరాశ కలగలేదు గాని, ఆ రుసుమును ఇంజను ధరలో తగ్గించకపోవడం మాత్రం నాకు నచ్చలేదు.

ఇదే బ్లాకులపై ఇంజను ముందు వైపు మూత అయిన టైమింగ్ కవరు వెనకాల కనిపించే 010, 020 అనే అంకెలు ఇనుములో కలిపిన తగరం, నికెల్ పాళ్లను సూచిస్తాయని ఒక ప్రచారం ఉంది. పెద్దాయన దాన్ని గురించి అట్టముక్కపై ఏమీ రాయడు, అడిగితే నవ్వుతాడు. ఆ అంకెల పేరు చెప్పి ఎక్కువ ధర అడిగే అమ్మకందారును నేనైతే నమ్మను.

తేదీ విషయంలో మాత్రం యార్డువాళ్లు పొరపడ్డారు. పోత తేదీ చాలావరకు బ్లాకు వెనకాలే, రెండో పక్క ఉంటుంది. ముందు ఒక అక్షరం నెలను చెబుతుంది, ఏ అంటే జనవరి, ఎల్ అంటే డిసెంబరు. ఆ తరవాత రోజు. చివర ఏడాదిలోని ఆఖరి అంకె. నా బ్లాకు మీద బీ, 12, 9 అని ఉంది. ఫిబ్రవరి 12 అన్నంతవరకు తగాదా లేదు. ఆ తొమ్మిది 1969దా, 1979దా? ఈ పోత నంబరు రెండు సంవత్సరాల్లోనూ వాడుకలో ఉంది కనుక నంబరు దీన్ని తేల్చదు. అట్టముక్క మీద 1969 అని ధీమాగా రాశారు. నూనె మట్టం చూసే డిప్‌స్టిక్ డ్రైవరు వైపున ఉండటమే అందుకు ఆధారమన్నారు. డిప్‌స్టిక్ కుడి పక్కకు మారింది 1980లో కాబట్టి 1979 ఇంజనుకు కూడా అది ఎడమ పక్కనే ఉంటుంది. ఆ ఆధారం నిలవదు.

అసలు ఆధారం బ్లాకు ముందు భాగంలో, కుడి సిలిండర్ హెడ్‌కు ముందున్న చదునైన మెట్టు మీద ఉంది. ఇక్కడి అంకెలు పోతలో వచ్చినవి కావు, ఇంజను బిగించాక ఫ్యాక్టరీలో గుద్దినవి. మొదటి అక్షరం ఫ్యాక్టరీది: వీ అంటే మిషిగన్‌లోని ఫ్లింట్, టీ అంటే న్యూయార్క్ రాష్ట్రంలోని టోనవాండా. తరవాతి నాలుగు అంకెలు బిగించిన నెలా రోజూ. ఆ వెనక ఉన్న అక్షరాలు ఆ ఇంజనును ఏ బండికి, ఏ గేర్ బాక్సుకు ఉద్దేశించారో చెప్పే కోడు. ఈ కోడు 1969 దాకా రెండక్షరాలే, 1970 మోడళ్ల నుంచి మూడక్షరాలు. నా ఇంజను మీద 0220 వెంట మూడక్షరాలు స్పష్టంగా కనిపించాయి. ఫిబ్రవరి 12న పోసి, 20న బిగించిన 1979 ఇంజను అది. నేను ఈ సంగతి చూపించగానే కొడుకు కొంచెం నసిగాడు గాని, తండ్రి వచ్చి టార్చి వేసి చూసి, మారు మాట్లాడకుండా అట్టముక్క మీది అంకె కొట్టేసి 1979 అని దిద్ది, ధర 950 నుంచి 800 డాలర్లకు తగ్గించాడు. 1969 నాటి షెవ్రొలే క్యామరో కారును తయారైన నాటి రూపంలో నిలబెట్టాలనుకునే మనిషి ఆ మొదటి అట్టముక్కను నమ్మి కొని ఉంటే అతనికి మిగిలేది తలనొప్పే.

గుద్దిన ముద్ర గురించి వాళ్లు పాటించే మరో నియమం నాకు బాగా నచ్చింది. ఆ ముద్ర అసలుదేనని వాళ్లు హామీ ఇవ్వరు. 1960ల చివరి నుంచి బండి నంబరులోని కొంత భాగాన్ని ఇంజను మీద కూడా గుద్దడం మామూలైంది కాబట్టి, బండీ ఇంజనూ ఫ్యాక్టరీ నుంచి జతగా వచ్చినవేనని రుజువు చేయడానికి అందరూ ఈ మెట్టునే చూస్తారు. దొంగ ముద్రలు పుట్టేది కూడా అందుకే. ఫ్యాక్టరీలో ఆ తలాన్ని చదును చేసినప్పుడు ముందు నుంచి వెనక్కి సన్నని సమాంతర గీతలు పడతాయి. ఆ గీతలు అరిగిపోయి, పైన అంకెలు మాత్రం కొత్తగా మెరుస్తుంటే, ఎవరో తలాన్ని మళ్లీ చెక్కించి తమకు కావలసిన అంకెలు గుద్దారని అనుమానించాలి. బ్లాకును మెషీన్ షాపులో మామూలుగా మరమ్మతు చేసినా గీతలు పోతాయి కనుక, గీతలు లేనంత మాత్రాన మోసమని కూడా అనలేము. ఉబ్బెత్తు పోత అంకెలను మార్చడం చాలా కష్టం, గుద్దిన అంకెలను మార్చడం ఒక మధ్యాహ్నం పని. రెండింటినీ ఒకే బరువుతో చూడకూడదని కొనేవాడికి ముందే చెప్పే దుకాణం నాకు ఇదొక్కటే తారసపడింది.

ఇక నా పెద్ద ఫిర్యాదు హెడ్ల సంగతి. రెండింటి మీదా 333882 అని ఉంది, అట్టముక్క మీద కూడా ఆ నంబరు సరిగ్గానే రాశారు. 1970ల మధ్య నుంచి వచ్చిన ఈ "882" హెడ్లు పగుళ్లకు పేరు మోసినవని ఈ వృత్తిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. నాకు తెలిసి కూడా, అంత శ్రద్ధగా రాసిన కాగితాన్ని చూసి ధైర్యపడ్డాను. మెషీన్ షాపులో అయస్కాంత పొడి పరీక్ష చేయిస్తే ఒకదానిలో రెండు వాల్వు సీట్ల మధ్య పగులు బయటపడింది. నంబరు రాసినవాళ్లు దాని పక్కన "పగుళ్లు: చూడలేదు" అని కూడా రాసి ఉండాల్సింది, మెయిన్ క్యాపుల దగ్గర పాటించిన నిజాయితీ హెడ్ల దగ్గర ఎందుకు లోపించిందని అడిగితే, హెడ్లకు హామీ వర్తించదన్న సమాధానం వచ్చింది. పదిహేను రోజుల హామీ బ్లాకుకూ క్రాంక్ షాఫ్టుకూ మాత్రమేనట. ఆ మాట రసీదు వెనకాల చిన్న అక్షరాల్లో ఉంది.

బ్లాకు మాత్రం చెప్పినట్టే ఉంది. ఒక హెడ్ విప్పి నా ఎదుటే బోరు కొలిచారు: 4.030 అంగుళాలు. అంటే ఇదివరకే ఒకసారి బోరును 0.030 అంగుళం పెంచి తొలిచి కట్టిన ఇంజను. లెక్క కడితే 355 ఘనపు అంగుళాలు వస్తుంది. ఈ సంగతి ఏ నంబరూ చెప్పదు. సిలిండరు గోడల్లో పగుళ్లు లేవని తరవాత మెషీన్ షాపు నిర్ధారించింది. హెడ్లను వదిలేసి వేరే జత కొన్నాను. ఇప్పుడు ఇంజను పికప్పులో కూర్చుని సాఫీగా తిరుగుతోంది.

బ్లాకు కోసం వెళ్లేవారికి ఈ యార్డును నేను ధైర్యంగా సిఫారసు చేస్తాను, అయిదుకు నాలుగు మార్కులు. హెడ్ల కోసమైతే రెండుకు మించి ఇవ్వను. శనివారం మధ్యాహ్నానికి తలుపులు మూస్తారు, కార్డులు తీసుకోరు. సుద్దముక్క వాళ్ల దగ్గరే ఉంటుంది గాని టార్చిలైటు ఒకటే ఉంది, అది ఎప్పుడూ పెద్దాయన జేబులోనే ఉంటుంది కాబట్టి మీది మీరు తీసుకువెళ్లండి.