విస్బీలో గేమ్ డిజైన్ చదువు: రెండేళ్లు ఉండొచ్చాక నా రివ్యూ

మాది సఖినేటిపల్లి. అవతలి ఒడ్డు నరసాపురం. మధ్యలో వశిష్ఠ గోదావరి, దాటడానికి పంటు. ఇంజినీరింగ్ నాలుగేళ్లూ రోజూ ఆ పంటు ఎక్కే కాలేజీకి వెళ్లాను. తర్వాత స్వీడన్‌లో, ఉప్సలా యూనివర్సిటీకి గోట్లాండ్ దీవి మీద విస్బీ అనే ఊళ్లో ఉన్న క్యాంపస్‌లో గేమ్ డిజైన్ మాస్టర్స్ చేశాను. రెండేళ్లు, 120 క్రెడిట్లు. ఇంటికొచ్చి నెలైంది. మలికిపురం నుంచి, రాజోలు నుంచి, అమలాపురం నుంచి ఎవరో ఒకరు ఫోన్ చేసి ఆ చదువు ఎలా ఉంటుంది, పంపించవచ్చా అని అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ సగం సగం చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

ముందుగా డబ్బు మాట. నేను ఒక కన్సల్టెన్సీ ద్వారా వెళ్లాను. "గేమ్ డిజైన్ అంటే యానిమేషనేనమ్మా, బొమ్మలేయడం వస్తే చాలు" అన్నారు అక్కడ. అప్లికేషన్ నింపినందుకు నలభై వేలు తీసుకున్నారు. నాన్న ఆ డబ్బు కొబ్బరి దింపు మీద వచ్చినదాంట్లోంచి తీసిచ్చారు. తీరా చూస్తే స్వీడన్‌లోని యూనివర్సిటీలన్నిటికీ కలిపి ఒకటే వెబ్‌సైట్, అప్లికేషన్ ఫీజు 900 క్రోనాలు (స్వీడన్ డబ్బు). ఎవరికి వాళ్లు ఇంట్లో కూర్చుని నింపుకోవచ్చు. గడువు జనవరి మధ్యలో ముగుస్తుంది. మీరు మాత్రం ఆ నలభై వేలు ఎవరి చేతిలోనూ పెట్టకండి.

ఇక చదువు. బొమ్మలేయడం, కోడింగ్ రెండూ పనికొస్తాయి, కాదనను. కానీ నాకు అక్కడ దొరికింది వేరే. ఎదుటి మనిషి నా ఆట ఆడుతుంటే నోరు మూసుకుని చూడడం నేర్చుకున్నాను. దాన్ని ప్లేటెస్ట్ అంటారు. చెప్పడానికి ఇంతే, చేయడం మాత్రం చాలా కష్టం. ఆడేవాళ్లు తప్పు చేస్తుంటే మన చెయ్యి ఊరుకోదు, "అటు కాదు, ఇటు" అని చూపించేయాలనిపిస్తుంది. చూపించామా, ఆ టెస్ట్ చెడిపోయినట్టే. రేపు ఆట కొనుక్కుని ఇంట్లో ఆడేవాళ్ల పక్కన మనం ఉండం కదా.

మొదటి సెమిస్టర్‌లో మా జట్టుకి నేనే ఒక ఐడియా ఇచ్చాను. నది మీద పడవ, పడవ నిండా కొబ్బరికాయలు. పోటు మీద ఎగువకి పోవాలి. ఆటు వచ్చిందంటే ఇసుక మేట తేలుతుంది, పడవ దాని మీద ఇరుక్కుంటుంది. కంప్యూటర్ ముట్టుకోకుండా ముందు కాగితం మీదే చేశాం. అట్టముక్క బోర్డు, నీలం కాగితం పట్టీలు, కాయలకి బదులు గోధుమరంగు గుండీలు. ఒక్కో వంతుకి ఒక్కో నీలం పట్టీ తీసేస్తే నీళ్లు తగ్గినట్టు లెక్క.

ఆడడానికి ఆ ఊరి అబ్బాయే ఒకడు కూర్చున్నాడు. రెండు వంతులు బాగానే ఆడాడు. మూడో వంతులో నేను పట్టీ తీయగానే ఆగిపోయి బోర్డు వైపు చాలాసేపు చూశాడు. "నీళ్లు ఎటు పోయాయి? ఎవరైనా గేటు తెరిచారా?" అని అడిగాడు. నేను మాట్లాడకూడదు. అతను బోర్డంతా వేలు పెట్టి గేటు కోసం వెతుకుతున్నాడు. నాకు గుండె దడ. ఆట అయిపోయాక కిటికీలోంచి హార్బర్ గోడ వైపు చూశాను. నీటి గీత పొద్దున ఎక్కడుందో సాయంత్రమూ అక్కడే ఉంది. వచ్చి రెండు నెలలైనా నేను ఆ సంగతి గమనించనేలేదు. బాల్టిక్ సముద్రానికి పోటూ ఆటూ లేవు అన్నా తప్పులేదు, ఉన్నది కొన్ని సెంటీమీటర్లే. బయటి సముద్రంతో దాన్ని కలిపేవి డెన్మార్క్ దగ్గరున్న సన్నటి జలసంధులు, అవి కూడా లోతు లేనివి. అందుకే ఉప్పు కూడా అంతంతమాత్రం. మహాసముద్రంలో లీటరుకి 35 గ్రాముల దాకా ఉప్పుంటే గోట్లాండ్ చుట్టూ 7 గ్రాములకి అటూ ఇటూ. నోట్లో పోసుకుంటే అచ్చం మా రేవు దగ్గర ఎండాకాలం ఉప్పునీరు ఎగదన్నినప్పటి రుచి.

అంటే నాకు ఊపిరంత మామూలైన విషయం అతను పుట్టి ఎరగడు. ఇది నాకు ఏ పుస్తకంలోనూ దొరికేది కాదు. మా టీచర్ ఒక్కటే అడిగారు: "నీకు పోటు వస్తోందని చిన్నప్పుడు ఎలా తెలిసేది?" ఆ రాత్రంతా అదే ఆలోచించాను. మెట్లు! మా రేవు మెట్లు ఒక్కొక్కటే మునిగేవి, తేలిన మెట్టు కాసేపు తడిగా నల్లగా ఉండేది. బోర్డుకి ఒక పక్క అయిదు మెట్లు గీశాను, తడి గుర్తుతో సహా. మరుసటి వారం టర్కీ అమ్మాయి ఆడింది. మూడో వంతులో ఏమీ అడగలేదు. మెట్లు లెక్కపెట్టుకుని, పడవని కదపకుండా ఒక వంతు కావాలని వదిలేసింది. పోటు కోసం ఆగింది! నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ చదువుకి పెట్టిన ఖర్చంతటికీ ఆ ఒక్క వంతు చాలు అనిపించింది.

చదువు తీరు గురించి ఇంకొన్ని. టైమ్‌టేబుల్‌లో పది అని ఉంటే క్లాసు మొదలయ్యేది 10:15కి, అదక్కడ పాత ఆచారం. టీచర్లని పేరు పెట్టే పిలవాలి. నాకు నోరు తిరగడానికి ఒక సెమిస్టర్ పట్టింది. దాదాపు పనంతా జట్లలోనే. జట్టులో ఒకరు పని చేయకపోతే మిగతావాళ్లే మోయాలి, నాకూ ఒకసారి అలా జరిగింది, నెల రోజులు నిద్ర లేదు. విద్యాసంవత్సరం చివర గోట్లాండ్ గేమ్ కాన్ఫరెన్స్ పెడతారు. కంపెనీల వాళ్లు వస్తారు, ఊళ్లో జనం పిల్లలతో సహా వచ్చి మన ఆటలు ఆడతారు. మొహమాటానికి పొగిడే పెద్దవాళ్ల కన్నా, నచ్చకపోతే రెండు నిమిషాల్లో లేచి పక్క టేబుల్‌కి పోయే పిల్లల దగ్గరే నేను ఎక్కువ నేర్చుకున్నాను.

ఊరు అందంగా ఉంటుంది. స్టాక్‌హోమ్ దగ్గరి రేవు నైనాస్‌హామ్‌లో ఓడ ఎక్కితే మూడు గంటల పైచిలుకు ప్రయాణం. చుట్టూ మూడున్నర కిలోమీటర్ల పాత రాతి గోడ, లోపల సన్నటి సందులు. 1995 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. క్యాంపస్ సముద్రానికి ఎదురుగా, పక్కనే లైబ్రరీ. అది యూనివర్సిటీకీ ఊరికీ కలిపి ఒకటే, ముసలివాళ్లు పేపర్ చదువుకునే పక్క టేబుల్ మీదే నా థీసిస్ రాశాను. డిసెంబర్‌లో మాత్రం మూడున్నరకల్లా చీకటి పడుతుంది. మొదటి చలికాలం నాకు చాలా కష్టమైంది, అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతూ ఏడ్చిన రోజులున్నాయి. జూన్‌లో దాదాపు పదయితే గానీ పొద్దు గూకదు.

తిండికి ఇబ్బంది లేదు, వండుకోవడం వస్తే. స్ట్రోమింగ్ అని అక్కడ చిన్న చేప దొరుకుతుంది, కవళ్లని గుర్తుకు తెస్తుంది. ఇంటి నుంచి పట్టుకెళ్లిన చింతపండుతో పులుసు పెడితే, మరుసటి రోజుకి ఇంకా రుచి. మా జట్టులో చైనా అమ్మాయి దానికోసమే ఆదివారాలు వచ్చేది.

తల్లిదండ్రులకి ఒక్క మాట. యూరప్ యూనియన్ పిల్లలకి ఫీజు లేదు, మనకి ఉంది. 2011 నుంచి బయటి దేశాల వాళ్ల దగ్గర తీసుకుంటున్నారు, తక్కువేం కాదు. దానిపైన ఖర్చులకి నెలకి 10,000 క్రోనాలకి పైగా బ్యాంకులో చూపిస్తేనే అక్కడ ఉండడానికి పర్మిట్ ఇస్తారు. పార్ట్‌టైమ్ మీద ఆశ పెట్టుకుని అప్పు చేయొద్దు. చిన్న దీవి, స్వీడిష్ రాకపోతే చలికాలంలో నాకు పనే దొరకలేదు. గది కూడా ముందే చూసుకోవాలి. నా మొదటి ఏడాది ఇంటి ఓనరు, వేసవిలో టూరిస్టులకి ఇచ్చుకుంటానని జూన్‌లో ఖాళీ చేయించారు. ఇక ఉద్యోగాలు. 2023 నుంచి గేమ్ కంపెనీల్లో లేఆఫ్‌లు గట్టిగానే జరిగాయి, నాతో చదివిన వాళ్లలో ఇంకా వెతుక్కుంటున్నవాళ్లున్నారు. నాకు హైదరాబాద్‌లో ఒక చిన్న స్టూడియోలో దొరికింది, వచ్చే నెల చేరాలి. విదేశంలో స్థిరపడడమే లెక్క అయితే ఈ కోర్సు వద్దు. మీ అమ్మాయో అబ్బాయో పేకముక్కలతోనైనా సొంత ఆటలు కల్పించి పక్కింటి పిల్లల చేత ఆడించే రకమైతే మాత్రం ధైర్యంగా పంపండి.

మొన్న పంటు మీద నాన్నకి ఫోన్‌లో నా ఆట ఇచ్చాను. పాత పడవ ఆటే, ఇప్పుడు ఫోన్‌లో ఆడేలా చేశాను. ఏమీ చెప్పలేదు. కళ్లజోడు పైకి తోసుకుని మెట్ల వైపు చూశారు. "ఉండు, ఇంకో రెండు మెట్లు మునగనీ" అన్నారు ఫోన్‌తోనే. కానీ తర్వాతి స్క్రీన్‌లో కాయలు దించే బటన్ ఆయనకి కనిపించలేదు, మూడుసార్లు ఆకాశం మీద నొక్కారు. అది మార్చాలి.

ఈ నెలాఖరు దాకా ఊళ్లోనే ఉంటాను. అక్కడి చదువు గురించి అడగాలనుకునే పిల్లలు సాయంత్రం నాలుగు తర్వాత సఖినేటిపల్లి రేవు దగ్గరికి రండి. కాగితం బోర్డు తెస్తాను, ముందు ఒక ఆట ఆడండి. మీరు ఆడుతున్నంతసేపూ నేను మాట్లాడను, ఆ తర్వాత ఎంతసేపైనా మాట్లాడుకుందాం.