వనువాటు నిర్వాసితుల పాలసీ: ఫ్రీగా దొరుకుతుంది, 5కి 4 స్టార్లు

నిర్వాసితులు అనగానే మనకు పోలవరం గుర్తొస్తుంది, కానీ ఇది పసిఫిక్‌లోని వనువాటు సంగతి. 80కి పైగా దీవులు, మొత్తం జనాభా మన దగ్గర ఓ మాదిరి పట్టణమంత. తుపానో అగ్నిపర్వతమో సముద్రమో ఊరు ఖాళీ చేయిస్తే ఆ జనం సంగతి ఎలా చూడాలో ఆ ప్రభుత్వం 2018లో ఒక పాలసీ రాసుకుంది. ఐక్యరాజ్యసమితి వలసల సంస్థ ఐఓఎం పక్కన ఉండి సాయం చేసింది. మొత్తం చదివాను, నిద్ర రాలేదు, సర్కారు డాక్యుమెంటుకు అదే పెద్ద మెచ్చుకోలు.

నిద్ర రాకపోవడానికి కారణం ఇది గాల్లోంచి రాసింది కాకపోవడం. 2015లో పామ్ తుపాను. 2017 సెప్టెంబరులో అంబే దీవి అగ్నిపర్వతం బుసలు కొడితే దీవి దీవంతా, దాదాపు 11 వేల మంది, పడవలెక్కి పక్క దీవులకు వెళ్లారు, నెల తిరిగాక ఇళ్లకు చేరారు, 2018లో బూడిద మళ్లీ మీద పడితే మళ్లీ మూటలు కట్టారు. ఇలాంటివాళ్లకు బియ్యం బస్తా, టార్పాలిన్ పట్టా ఇచ్చి చేతులు దులుపుకుంటే ఎలా?

నాకు బాగా నచ్చింది భూమి గురించి రాసిన భాగం. అక్కడ రాజ్యాంగం ప్రకారమే భూమంతా తరతరాల స్థానిక హక్కుదారులది, కాబట్టి ఖాళీ జాగా చూసి కాలనీ కట్టేస్తాం అంటే కుదరదు, వచ్చినవాళ్లు నాలుగు చేమదుంపలు నాటుకోవాలన్నా ఆ నేల ఎవరిదో వాళ్లను అడగాలి. అందుకే పాలసీ వచ్చినవాళ్లతో పాటు చోటిచ్చిన ఊరివాళ్లనూ లెక్కలోకి తీసుకుంటుంది. మొత్తం 12 అంశాల్లో చదువు, వైద్యం, బతుకుతెరువుతో పాటు సంస్కృతికీ ఒకటి కేటాయించారు. ఊరు మారితే గ్రామదేవత సంగతేంటి అని మనవాళ్లు అడుగుతారు చూడండి, అలాంటి ప్రశ్నలకు చోటన్నమాట.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే, ఇది పాలసీ, చట్టం కాదు. పైగా భాష అక్కడక్కడ మరీ ఆఫీసు ఫైలులా ఉంది, అంబేలో బూడిద ఊడ్చుకునే మనిషి కోసం రాసినట్టు లేదు.

మన తెలుగువాళ్లు వందేళ్లకు పైగా ఉంటున్న ఫిజీ కూడా అదే ఏడాది ఊళ్ల తరలింపుకు మార్గదర్శకాలు తెచ్చింది. అక్కడ వునిదోగొలోవా అనే ఊరు 2014లోనే సముద్రానికి దూరంగా లోపలికి జరిగింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి, ఓపిక లేకపోతే వనువాటుదాంట్లో భూమి, ఇళ్ల భాగమైనా చూడండి.