బిళిగిరి రంగన బెట్ట: అడవి గొప్పది, బస మాత్రం మోసం

బెంగళూరు నుంచి కర్ణాటకలోని అడవికొండ బిళిగిరి రంగన బెట్టకు తప్పక వెళ్లండి. కానీ ‘సఫారీ కూడా అందులోనే’ అని ఫోనులో నోటిమాటగా చెప్పే బసకు ముందుగా డబ్బు పంపకండి.

కనకపుర, మళవళ్లి, కొళ్లేగాల, యళందూరు మీదుగా ప్రయాణం సాఫీగా సాగింది.

కొండ దిగువన మేము దిగిన ప్రైవేటు బసలో గదికి రోజుకు 4,800 రూపాయలు. రెండు గదులకు 9,600 ముందే కట్టాము. తీరా చేరాక, సఫారీకి మనిషికి 1,800 వేరుగా ఇవ్వాలని, రశీదులో సఫారీ ఊసే లేదని మేనేజరు తేల్చి చెప్పాడు. దుప్పటి అంచున సిగరెట్టుతో కాలిన రంధ్రం ఉంది, గీజరు పనిచేయలేదు. అన్నిటికన్నా బాధ కలిగించింది పాటల హోరు. పులుల అభయారణ్యం అంచున రాత్రి పదకొండు దాకా చలిమంట చుట్టూ స్పీకర్లు మోగాయి. ఆపమని అడిగితే ‘మిగతా అతిథులు సరదాపడుతున్నారు’ అన్నారు. అత్తగారు అన్నం ముట్టక రెండు అరటిపళ్లు తిని పడుకున్నారు, మావారు ఎవరితోనూ మాట్లాడలేదు.

మర్నాడు అడవి మా మనసులు మార్చింది. పులి కనబడలేదని మూతి ముడిచిన మా అబ్బాయి, జీపుకు అడ్డంగా రేచుకుక్కల గుంపు దాటగానే ఊపిరి బిగబట్టాడు. నల్లని ఒంటికి మోకాళ్ల కింద తెల్లమేజోళ్లు తొడిగినట్టున్న అడవిదున్న మమ్మల్ని చూసి కూడా మేత ఆపలేదు. వెంట వచ్చిన గైడు ఈ కొండల ఆదివాసులైన సోలిగ తెగవాడు. అతను దారి పొడవునా అల్లుకున్న లాంటానా అనే కలుపు పొదలు చూపించి, పూర్వం తమవాళ్లు ఏటా రాలుటాకులకు చిన్న మంటలు పెట్టేవారని, ఆ మంటలను నిషేధించాక ఈ పొదలు అడవిని కమ్మేశాయని వివరించాడు. ఈ అడవిని పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించిన 2011లోనే సోలిగలకు సామూహిక అటవీ హక్కులు, అంటే అడవిని ఊరంతా కలిసి వాడుకునే హక్కులు, కూడా దక్కాయి. అడవిని ఇంతగా ఎరిగినవారికి ఆ హక్కు న్యాయంగా రావలసిందే.

కొండమీది రంగనాథుడు సోలిగల ఆడపడుచు కుసుమాలెను పెళ్లాడాడని, అందుకే ఆయన తమకు బావ అవుతాడని వారు చెప్పుకుంటారు. అహోబిలం నరసింహుడు, చెంచులక్ష్మి కథ ఎరిగిన అత్తగారికి ఆ మాటతో ముఖం వికసించింది. స్వామికి సోలిగలు పెద్ద తోలుచెప్పులు సమర్పిస్తారని విని, దర్శనం వేళ ప్రత్యేకంగా వాటినే వెతికారు. గుడి నుంచి దిగి ఒక సోలిగ ఇల్లాలు నడిపే చిన్న హోటలులో వేడి రాగిముద్ద, ఆకుకూర చారు తిన్నాము. మనిషికి 80 రూపాయలు. ఆమె కొసరి కొసరి వడ్డించింది. రాత్రి పస్తున్న అత్తగారు రెండో ముద్ద అడిగి మరీ తిన్నారు.

ఖర్చు కాస్త ఎక్కువైనా ఈ అడవిలోనే ఉన్న కె. గుడి (క్యాతదేవర గుడి) ప్రభుత్వ శిబిరంలో దిగడమే మంచిది. భోజనం, సఫారీ ప్యాకేజీలోనే ఉంటాయి. ప్రైవేటు బస తప్పనిసరైతే సఫారీ సంగతి వాట్సాప్‌లో రాయించుకుని, సగం డబ్బు మాత్రమే ముందుగా ఇవ్వండి. రాత్రిపూట అడవి దారిలో వాహనాలను వదలరు కనుక, చీకటి పడకముందే చెక్‌పోస్టు దాటేలా బయలుదేరండి.