ఉద్యోగం చేస్తూ చదివిన ఎమ్మెస్సీ: మార్కులు ఎలా వేస్తారో అడిగి చేరండి

జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ పని నాది. నగర శివారులోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ఎనలిటికల్ కెమిస్ట్రీలో వారాంతపు ఎమ్మెస్సీ ఈమధ్యే పూర్తి చేశాను. రెండేళ్ల ఫీజు కలిపితే దాదాపు నా ఆరు నెలల జీతం. చేరేముందు ల్యాబ్ చూపించారు, లైబ్రరీ చూపించారు, ఉద్యోగాలిచ్చే కంపెనీల పేర్లున్న గోడ చూపించారు. రాసిన పేపర్లు ఎవరు దిద్దుతారు, ఎప్పుడు తిరిగి ఇస్తారు, వాటిమీద ఏం రాసి ఇస్తారు అన్న మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. పీజీ చదువు విలువ ముప్పాతిక వంతు అక్కడే ఉందని ఇప్పుడు గట్టిగా చెప్పగలను. అందుకే ఈ సమీక్షలో భవనాల గురించీ క్యాంటీన్ గురించీ రాయడం లేదు.

మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే క్రొమాటోగ్రఫీ చెప్పిన మేడం అసైన్‌మెంటుకు ప్రశ్న ఇవ్వరు, తేడా చేసిన క్రొమాటోగ్రామ్ ఇస్తారు, అంటే ఒక్కో పదార్థం ఒక్కో శిఖరంగా (పీకుగా) కనిపించే గ్రాఫు. తోక సాగిన పీకు, విడిపోకుండా అతుక్కున్న రెండు పీకులు, నమూనా ఎక్కించిన ప్రతిసారీ మారిపోయే రిటెన్షన్ టైము (పీకు రావడానికి పట్టే సమయం). కారణం మనం తేల్చాలి, తేల్చిన దారి కూడా రాయాలి. దేనికి ఎన్ని మార్కులో ఒక పేజీలో ముందే రాసిస్తారు. మొదటిసారి ఇచ్చినదానికి మార్కులుండవు, వ్యాఖ్యలే ఉంటాయి. అవి మరుసటి శనివారానికల్లా చేతికొస్తాయి. సరిచేసి మళ్లీ ఇచ్చినదానికే మార్కులు.

ఒకసారి మందులోని ఒక మలినాన్ని కొలిచే పద్ధతికి వాలిడేషన్ రిపోర్టు, అంటే ఆ పద్ధతిని నమ్మవచ్చని చూపే రిపోర్టు, రాయమన్నారు. లీనియారిటీకి, అంటే గాఢతతో పాటు కొలత సరళరేఖలో పెరుగుతుందని చూపడానికి, కనీసం ఐదు గాఢతలు తీసుకోవాలని మందుల పరిశ్రమ పాటించే అంతర్జాతీయ ఐసీహెచ్ క్యూ2 మార్గదర్శకం సూచిస్తుంది. ఐదూ తీసుకుని, బిందువులు గీతకు ఎంత దగ్గరో చెప్పే సహసంబంధ గుణకం 0.999 దాటిందని రాసి ముగించడం మా పరిశ్రమలో చాలామందికి అలవాటు. నా రిపోర్టు అంచున మేడం ఎర్ర సిరాతో అడిగారు: "0.999 బాగుంది. రెసిడ్యువల్స్ గ్రాఫు ఏది? అందులో వంపు కనిపిస్తే దీన్ని సరళరేఖ అని ఎలా అంటారు?" ఒక్కో బిందువు గీత నుంచి ఎంత పక్కకు పడిందో చూపే ఆ గ్రాఫును ఆ రాత్రే గీశాను. తక్కువ గాఢతల దగ్గర బిందువులన్నీ ఒకే పక్కకు ఒరిగి ఉన్నాయి. మలినాల పరీక్షలో మనకు ముఖ్యమైనవి ఆ తక్కువ గాఢతలే కదా! ఇదే మాట మార్కులు పడ్డాక వచ్చి ఉంటే గ్రాఫు గీసే ఓపిక ఎవరికి ఉంటుంది?

చాట్‌జీపీటీతో రాయించుకునేవాళ్లు ఎక్కువయ్యాక మేడం ప్రతి అసైన్‌మెంటుకూ పది నిమిషాల వైవా చేర్చారు. "బఫర్ పీహెచ్ 3 ఎందుకు పెట్టారు? 5కు పెంచితే ఈ పీకు ముందుకు వస్తుందా, వెనక్కి పోతుందా?" సొంతంగా కూర్చుని చేసినవారికి ఇది కష్టమైన ప్రశ్న కాదు. రాయించుకున్నవారికి తల ఎత్తడమే కష్టం. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలను తెలుగులోనే చెప్పనిచ్చారు. ఇంగ్లిషులో తడబడి వెనకబడ్డ అమ్మాయిలు ఆ వైవాల్లో ముందు వరుసకు వచ్చారు. ఈ ఒక్క పనికే ఆ మేడంకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

ఉద్యోగం చేసేవారికి జతగా డిగ్రీ నుంచి నేరుగా వచ్చినవారిని కూర్చోబెట్టడం కూడా ఆవిడ ఆలోచనే. నా జతగా వచ్చిన అమ్మాయి మొదటి రోజు నుంచీ "అక్కా, అలా ఎందుకు చేస్తారు?" అని అడుగుతూనే ఉండేది. పద్ధతి పత్రంలో ఉంది కాబట్టి చేస్తాం అన్న జవాబు ఆ పిల్లకు ఎప్పుడూ చాలలేదు. పాశమైలారం, బొల్లారం నుంచి వచ్చేవారు ఉత్పత్తి పేరు చెప్పకుండా తమ కంపెనీలో ఫలితం పరిమితి దాటినప్పుడు ఏం విచారించారో సెమినార్‌గా చెప్పేవారు. శనివారం భోజనాల తరవాత కూడా గది నిండుగా ఉండేది ఆ సెమినార్లకే.

మిగతా పేపర్లలో చాలావాటికి అంత మంచి మాట చెప్పలేను. 30 ఇంటర్నల్ మార్కులు అందరికీ ఇంచుమించు ఒకటే, 70 మార్కుల పరీక్షకు ఏటా తిరిగొచ్చే ప్రశ్నలు. ఫలితాలు తరవాతి సెమిస్టర్ సగమయ్యాక వచ్చేవి, జవాబుపత్రం చూపించేవారు కాదు. గ్రేడు 'బీ ప్లస్' అని తెలుస్తుంది, ఎక్కడ తప్పామో తెలియదు. ఐదుగురి ప్రాజెక్టుకు ఒకే మార్కు వేశారు, పని ఇద్దరు చేశారు. హాజరు వేలిముద్రతో పక్కాగా లెక్కపెట్టారు, పాఠం అర్థమైందో లేదో లెక్కపెట్టలేదు. అభిప్రాయ పత్రం నింపితేనే హాల్ టికెట్ దిగేది కాబట్టి అందరం అన్నిటికీ 'బాగుంది' నొక్కేశాం.

మా సహోద్యోగి తమ్ముడు బ్రిటన్‌లో ఏడాది మాస్టర్స్ చేస్తున్నాడు. అక్కడ మొత్తం 180 క్రెడిట్లు, అందులో సాధారణంగా 60 డిసర్టేషన్‌కే. 50 వస్తే పాస్, 70 వస్తే డిస్టింక్షన్. తొంభైలకు అలవాటుపడ్డ మన పిల్లలు 62 చూసి బెంబేలెత్తుతారట. కానీ ఆ 62 ఎందుకు వచ్చిందో పేరా రాసి ఇస్తారు, బయటి విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరీక్షకులు మార్కుల తీరును పరిశీలిస్తారు. ఆ పేరా ఇక్కడా ఇవ్వవచ్చు. ఖర్చు కాగితమంత కూడా కాదు, కావలసింది దిద్దేవారికి తీరిక. ఒక్కో అధ్యాపకుడి నెత్తిన అన్ని సెక్షన్లు మోపితే ఆ తీరిక ఎక్కడిది? ఇది యాజమాన్యం సరిచేయవలసిన విషయం.

ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటీఈఎల్ ద్వారా చేసిన ఎలక్టివ్ (ఎంచుకునే పేపరు) ఫరవాలేదు. వారం వారం అసైన్‌మెంట్లకు 25, కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు 75. వాయిదా వేయడానికి వీల్లేకపోవడం ఉద్యోగస్థులకు మంచిదే.

ఐదుకు మూడు ఇస్తున్నాను, అందులో రెండు ఆ ఒక్క మేడం పేపర్లకే. ఇలాంటి కోర్సు ఎక్కడ చేరాలనుకున్నా, అడ్మిషన్ గదిలో కిందటి ఏడాది దిద్దిన అసైన్‌మెంటు ఒకటి, విద్యార్థి పేరు కప్పేసి, చూపించమని అడగండి. చూపించలేకపోతే మొదటి వాయిదా కట్టకుండా ఇంకోచోట కనుక్కోండి. ఇక్కడే చేరితే మాత్రం శనివారం క్లాసు తొమ్మిదికే మొదలవుతుంది, బాలానగర్ వైపు నుంచి వచ్చేవారు ఏడున్నరకల్లా బస్సెక్కాలి.