గంటకు 400, గోడ మీద చీటీలు: మా జామ్ రూమ్ రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఈ జామ్ రూమ్ (కలిసి వాయించుకోవడానికి గంటల లెక్కన అద్దెకిచ్చే గది) పేరు రాయడం లేదు. ఓనరే వద్దన్నాడు. డ్రమ్స్ సౌండ్ గురించి పై అంతస్తు వాళ్లతో ఇప్పటికే రెండుసార్లు గొడవైంది, పేరు బయటికొస్తే కాలనీ మొత్తం వచ్చి తలుపు కొడుతుందని అతని టెన్షన్. హైదరాబాద్‌లో నిజాంపేట రోడ్డు వైపు, టిఫిన్ సెంటర్ పైన, రెండో అంతస్తు. అంతవరకే.

చిన్నప్పుడు గుంటూరులో తొమ్మిదేళ్లు వయొలిన్ నేర్చుకున్నాను. తర్వాత ఇంజినీరింగ్, ఉద్యోగం, పెళ్లి, పాప, పెట్టె అటకెక్కింది. రెండేళ్ల క్రితం దించి, తీగలు మార్పించి, తంబురా యాప్ పెట్టుకుని రోజూ రాత్రి పాప పడుకున్నాక అరగంట సాధన మొదలుపెట్టాను. వర్ణాలు (కర్ణాటక సంగీతంలో సాధనకి వాయించే రచనలు) గుర్తొచ్చాయి, వేళ్లు కాస్త కాస్తగా దారిలో పడ్డాయి. కానీ పక్కన తాళం వేసే మనిషి లేకపోతే ఎక్కడ పరిగెత్తుతున్నానో, ఎక్కడ ఈడుస్తున్నానో నాకే తెలియట్లేదు. యాప్ ఏమీ అనదు కదా, దానిపాటికి అది మోగుతూనే ఉంటుంది.

మనుషుల కోసం వెతకడం మొదలుపెడితే అప్పుడు తెలిసింది అసలు కష్టం. వాట్సాప్ గ్రూపులో చేరితే పొద్దున గుడ్ మార్నింగ్ పూలు, సాయంత్రం 'సెకండ్ హ్యాండ్ ప్రాసెసర్ అమ్మబడును'. సంగీతం వాయించేవాళ్లని కలుపుతామనే యాప్ ఒకటి వేసుకున్నాను, పెళ్లి సంబంధాల సైట్‌లాగే ఉంది, అందరూ గిటార్ పట్టుకుని సూర్యాస్తమయంలో నిలబడ్డ ఫొటోలే. అందులో ఒకతను వారం పాటు మాట్లాడి, చివరికి 'మీరు చీర కట్టుకుని వాయించండి, నేను రీల్ తీస్తాను' అన్నాడు. ఆ రోజే తీసేశాను. డబ్బు కట్టించుకుని 'మీకు సరిపోయే బ్యాండ్ వెతికి పెడతాం' అన్న వాళ్ల సంగతి ఇక్కడ రాస్తే బీపీ పెరుగుతుంది, వదిలేద్దాం.

పుష్య బహుళ పంచమి నాడు త్యాగరాజ ఆరాధనకి కూడా వెళ్లాను. అది మాత్రం బాగుంది. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ, ఐదు రాగాల్లో ఐదు కీర్తనలు, ఐదూ ఆది తాళమే, అందరికీ నోటికొచ్చినవే, కాబట్టి ముక్కూ మొహం తెలియని వాళ్ల మధ్య వెనక వరుసలో కూర్చుని కూడా కలిసి వాయించేయొచ్చు. అంతసేపూ నాకు ఇరవై ఏళ్లు తగ్గిపోయాయి. పులిహోర పొట్లం చేతికి రాగానే మాత్రం ఎవరి బళ్లు వాళ్లు తీశారు. అక్కడికొచ్చేవాళ్లకి ఎవరి గురువులు, ఎవరి బృందాలు వాళ్లకి ముందే ఉన్నాయి.

ఇక ఈ రూమ్. మా ఆఫీసులో డ్రమ్స్ నేర్చుకుంటున్న కుర్రాడు చెప్తే వెళ్లాను. మెట్ల దగ్గర లైటు లేదు, ఫోన్ టార్చ్ వేసుకుని ఎక్కాలి. లోపల రెండు గదులు. పెద్దదాంట్లో డ్రమ్ కిట్, రెండు గిటార్ యాంప్‌లు, కీబోర్డు, నాలుగు మైకులు, గోడలకి నల్ల ఫోమ్, కింద సాక్సుల వాసన కొట్టే కార్పెట్. గంటకు 400. చిన్నదాంట్లో డ్రమ్స్ లేవు, గంటకు 250. సామాను గురించి పెద్దగా చెప్పుకోవడానికేం లేదు. మైకుల్లో ఒకటి ఎప్పుడూ మొరాయిస్తుంది, ఒక కేబుల్ కదిపితే చాలు గుర్రుమంటుంది.

దీని గొప్పతనం బయట వరండాలో ఉంది. షూ స్టాండ్ పైన గోడకి థర్మకోల్ బోర్డు, దాని నిండా గుండుసూదులతో గుచ్చిన చీటీలు. 'తబలా, మూడేళ్లు నేర్చుకున్నా, గజల్స్ అంటే ఇష్టం, శనివారం ఖాళీ.' 'బేస్ గిటార్, రాక్ మాత్రమే, పెళ్లిళ్లకి రాను.' 'పాడతాను, నాలుగు శృతి, భయం ఎక్కువ.' ఆ ఆఖరిది చదివి నవ్వాగలేదు, కానీ అంత నిజాయితీగా ఏ యాప్‌లోనూ ఎవరూ రాసుకోలేదు. చీటీల మీద ఫోన్ నంబర్లు ఉండవు, సీరియల్ నంబరే. అసలు నంబర్లన్నీ ఓనర్ దగ్గర పొడుగాటి లెక్కల పుస్తకంలో ఉంటాయి. ఎవరైనా అడిగితే ముందు అవతలి వాళ్లకి ఫోన్ చేసి, వాళ్లు సరేనంటేనే ఇస్తాడు. 'ఇంతకుముందు డైరెక్టుగ రాస్తుంటిమి అక్కా, ఒక అమ్మాయికి రాత్రి పన్నెండింటికి ఫోన్లు వచ్చినయ్, అప్పట్నుంచి బంద్ చేసిన' అన్నాడు. ఆడవాళ్లకి నేను ఈ చోటు ధైర్యంగా చెప్పడానికి ఈ పుస్తకం ఒక్కటే చాలు. ఇలా కలిపినందుకు పైసా తీసుకోడు. కలిసినవాళ్లు వచ్చి రూమ్ బుక్ చేసుకుంటారు, అదే అతని లాభం.

నేను రాసిన చీటీ: 'వయొలిన్, కర్ణాటక సంగీతం, మధ్యలో పదిహేనేళ్లు గ్యాప్. మృదంగం కావాలి. కీబోర్డు అయినా సరే. ఆదివారం మధ్యాహ్నం.' పది రోజులకి ఫోన్ వచ్చింది.

మృదంగం మాస్టారికి అరవై దాటాయి, బ్యాంకులో చేసి రిటైరయ్యారు. మొదటి రోజు ఆయన సంచిలోంచి మృదంగం తీసి, ఎడమ వైపు రవ్వ ముద్ద అద్ది, రాయీ పుల్లా పట్టుకుని చుట్టూ కొట్టుకుంటూ శృతి చూసి, 'ఏదీ, షడ్జమం ఇవ్వమ్మా' అన్నారు. నా 'స' ఇచ్చాను. నాది రెండు శృతి (ఆ 'స' ఎంత ఎత్తులో ఉందో చెప్పే అంకె, పెరిగేకొద్దీ స్వరం పైకి). ఆయన తెచ్చింది ఐదున్నరది. 'మేడమ్ ఉన్నారు' అని ఓనర్ చెప్తే, ఆడమనిషి కదా పాడుతుందేమో అని ఆ వాయిద్యం పట్టుకొచ్చారట! ఐదున్నర మృదంగాన్ని రెండుకి దింపడం అయ్యే పని కాదు. ఇంక ఈ రోజు ఇంతే అనుకుని పెట్టె మూయబోతుంటే, ఆయన తాపీగా సంచిలో చెయ్యి పెట్టి కంజీర, అంటే చేత్తో పట్టుకుని వాయించే చిన్న డప్పులాంటిది, తీశారు. వాటర్ బాటిల్‌లోంచి నాలుగు చుక్కలు వేళ్లతో చర్మం లోపలి వైపు రాసి, కాసేపు ఊరుకుని, తట్టి విని, మళ్లీ రెండు చుక్కలు రాసి, 'కానీ' అన్నారు. పదిహేనేళ్ల తర్వాత ఇంకో మనిషితో కలిసి వాయించిన మొదటి వర్ణం అది. రెండో కాలంలో, అంటే వేగం రెట్టింపయ్యే చోట, తప్పాను. ఆయన ఆపలేదు, నేను దొరికే దాకా తాళం ఆవర్తనం (ఒక పూర్తి చుట్టు) మీద ఆవర్తనం నడిపిస్తూ కూర్చున్నారు.

మాస్టారితో ఇబ్బంది ఒకటే, కబుర్లు. నా గురువుగారు విజయనగరం సంగీత కళాశాలలో చదివారని నోరు జారాను. అంతే, 1919లో ఆ కళాశాల పెట్టడం, ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాల్‌గా ఉండటం, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ చెప్పడానికి చేరి 1936లో తానే ప్రిన్సిపాల్ కావడం, ద్వారం వారి బాణీలో కమాను ఎంత పొడుగ్గా లాగేవారో చేత్తో చూపించడం... అరగంట. వినడానికి అద్భుతం, కాకపోతే అవతల గంటకు 400 మీటర్ తిరుగుతోంది. ఇప్పుడు కబుర్లు కింద టిఫిన్ సెంటర్‌లో, వాయించడం పైన అని ఒప్పందం చేసుకున్నాం.

కీబోర్డు తమ్ముడు ఇంకో నెలకి కలిశాడు. చర్చిలో వాయిస్తాడు, అందుకే ఆదివారం నాలుగు దాటితే గానీ రాలేడు. కీబోర్డు, ప్యాడ్స్ వాయించేవాళ్ల కోసం వెతికేవాళ్లకి నాకు తెలిసిన చిట్కా ఇదే, చర్చిల్లో అడగండి. వారం వారం జనం ముందు వాయించే అలవాటున్న కుర్రాళ్లు, టైముకి వస్తారు, పాడేవాళ్లు ఎక్కడికి పోతే అక్కడికి వెంటనే పట్టుకుంటారు. మా వాడికి రాగాల పేర్లు తెలియవు, నాకు కార్డ్స్ (కలిపి ఒకేసారి మోగించే స్వరాలు) తెలియవు. 'రెండు శృతి' అంటే అయోమయంగా చూశాడు, 'డీ' అంటే 'అట్ల చెప్పు అక్కా' అన్నాడు.

హిందోళం రాగం వాయించిన రోజు మాత్రం రాసి తీరాలి. నేను ఆలాపన ఎత్తుకోగానే వాడు మెత్తగా డీ మైనర్ పట్టాడు. ఏదో ముల్లు గుచ్చుకున్నట్టైంది. హిందోళంలో పంచమం, అంటే 'ప', లేదు కదా, డీ మైనర్‌లో తప్పకుండా ఉండేదే 'ఏ', అంటే నా పంచమం! ఎలా చెప్పాలో తెలియక స్వరాలు ఒక్కొక్కటే వాయించి చూపించాను. వాడు కీబోర్డు మీద ఆ ఐదు మెట్లే నొక్కుకుంటూ కాసేపు తల వంచుకుని వెతికాడు. జీ మైనర్ దొరికింది, తర్వాత బీ ఫ్లాట్ మేజర్. 'ఏ' ఎక్కడా తగలదు. ఆ రెండింటి మధ్య ఊగుతూ వాడు వాయిస్తుంటే నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన మధ్యమం కొత్తగా వినిపించింది. మాస్టారు 'బాగుందిరా అబ్బాయ్, ఈ రాగం నీకెవరు చెప్పారు?' అన్నారు. 'అక్కే సార్, ఇప్పుడే' అన్నాడు.

ఫిర్యాదులు లేవా అంటే బోలెడు. కింద కూర్చుని వాయించేవాళ్లని మనసులో పెట్టుకుని కట్టిన గది కాదు, చిన్న మైక్ స్టాండ్ లేదు, ప్లాస్టిక్ చాప కూడా మూడోసారి అడిగాక వచ్చింది. ఏసీ వేస్తే మృదంగం శృతి నిలవట్లేదని మాస్టారి గోల, ఆపితే మాకు ఉక్కపోత. మన ముందు బ్యాండు పది నిమిషాలు ఎక్కువ వాయించుకుంటే ఆ పది మనకి కలపరు, గొడవ పడితేనే కలుపుతారు. బాత్రూమ్ గడియ మూడు నెలలుగా సరిగ్గా పడదు. పక్క గదిలో డ్రమ్స్ మొదలైతే ఇటు ఆలాపన గోవిందా. రికార్డింగ్‌కి 500 కట్టాం, ఇంటికెళ్లి వింటే కీబోర్డు తప్ప ఏమీ లేదు, వయొలిన్ పక్క వీధిలోంచి వస్తున్నట్టుంది. అడిగితే సగం డబ్బు వెనక్కిచ్చాడు. రికార్డింగ్ కోసమైతే ఇక్కడికి రావొద్దు.

బోర్డు కూడా అందరికీ పనిచేయదు. మా ఆఫీసు కుర్రాడి చీటీ నాలుగు నెలల నుంచి అలాగే ఉంది. 'డ్రమ్స్, ఎనీథింగ్' అని రాస్తే ఎవరు పిలుస్తారు? ఏం వాయిస్తావో, ఎంత వచ్చో, ఏ రోజు ఖాళీయో రాయమని పోరుతున్నాను.

5కి 4 ఇస్తున్నా. పోయిన ఒకటీ ఆ బాత్రూమ్ గడియకి. ఆదివారం నాలుగున్నర నుంచి ఆరున్నర మా టైము, పెద్ద గది. బోర్డు మీద పోయిన వారం కొత్త చీటీ గుచ్చాం, బేస్ గిటార్ కావాలని. ఆ 'రాక్ మాత్రమే' అబ్బాయిని ఓనర్ అడిగి చూస్తానన్నాడు. వేరే ఎవరైనా ఉన్నా రావొచ్చు, కాకపోతే హిందోళంలో పంచమం ఉండదు, ముందే చెప్తున్నా.